కథకు ముందు అడిగే మాట

వీరప్పకు గొంతు పోయిందని తెలియగానే మడకశిర చుట్టుపక్కల పది ఊళ్ల గొర్రెల కాపరులకు ఇంట్లో మనిషి పోయినంత పనైంది. నలభై ఏళ్లుగా బీరప్ప జాతరలో లోకం పుట్టిన కథ చెప్పేది ఆయనే. చీకటి తప్ప మరేమీ లేని కాలంలో దేవుడు పుట్టలో చెయ్యి పెట్టి ముందు వెలుతురును, తర్వాత గొర్రెలను, ఆఖరున వాటిని కాయడానికి మనిషిని బయటికి తీసిన కథ. డోలు పక్కన నిలబడి ఆయన చెబుతుంటే కర్ణాటక వైపు నుంచి వచ్చినవాళ్లు ఆఖరి బస్సును కూడా మరిచిపోయేవారు. అలాంటి మనిషికి గొంతులో గడ్డ తీసి, ఇకమీదట రోజుకు పది మాటలు దాటొద్దని డాక్టరు చెప్పాడు. ఆ పదిలో నాలుగు ఖర్చుపెట్టి ఆయన కూతురితో అన్నాడు.

"ఈ యేడు నువ్వు సెప్పు."

ఈశ్వరి వెనకాడింది. కథ రాక కాదు, నిద్రలో లేపి అడిగినా పొల్లు పోకుండా చెప్పగలదు. కానీ ఆమె మడకశిరలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్. విశ్వం వయసు పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్లని బోర్డు మీద రాసేది ఆమె చెయ్యే. ఆ పిల్లలంతా జాతరకు వస్తారు. ఆదివారం జాతరలో ఒక మాట, సోమవారం క్లాసులో ఒక మాట చెబితే ఏ మొహం పెట్టుకుని వాళ్ల ముందు నిలబడాలి? పోనీ చెప్పనంటే కథ నాయనతోనే ఆగిపోతుంది. మొత్తం కథ వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు.

పైగా పాత ముల్లు ఒకటుంది. పద్దెనిమిదేళ్ల కింద ఎమ్మెస్సీ ముగించి వచ్చిన రోజు, ఉత్సాహం పట్టలేక గొర్రెల దొడ్డిలోకే వెళ్లి, విశ్వం ఎలా మొదలైందో నాయనకు చెప్పబోయింది. ఆయన చేతిలో పని ఆపి, ఆమె వైపు తిరిగి కూర్చుని అడిగాడు.

"నువ్వు సూసినావా?"

"లేదు" అంది ఈశ్వరి, మొహం మాడిపోయి.

"అట్లయితే సెప్పు" అన్నాడు.

అంత చదువు చదివొస్తే ఎగతాళి చేస్తాడా అని ఆమె విసవిసా లేచి వెళ్లిపోయింది. తండ్రీకూతుళ్లిద్దరికీ పట్టుదల ఒకే పాలు. ఆయన మళ్లీ అడగలేదు, ఆమె మళ్లీ చెప్పలేదు.

ఈలోగా పెద్దల నుంచి కబురొచ్చింది. కొత్తగా చెప్పేవాళ్లు ముందు గుడి లోపల కూర్చోవాలి, పెద్దల్లోకెల్లా పెద్దవాడైన ఎర్రప్ప తాత అడిగినదానికి జవాబివ్వాలి. ఏమడుగుతాడో బయటికి పొక్కనిచ్చే ఆచారం లేదు. నమ్ముతావా లేదా అనే అడుగుతాడని ఈశ్వరికి అనుమానమే లేదు. నాయనను అడిగితే "నిజం సెప్పు" అని ఊరుకున్నాడు.

కాలేజీలో లెక్కలు చెప్పే ప్రతాప్ ఒక సులువు చూపించాడు. పుట్ట అంటే మహావిస్ఫోటనమే, మన పెద్దలకు సైన్సంతా ముందే తెలుసు అనేస్తే చప్పట్లు కూడా కొడతారన్నాడు. ఈశ్వరికి ఒళ్లు మండింది. నాయన కథలో పుట్ట పుట్టే. దాన్ని ఈడ్చుకొచ్చి ల్యాబులో నిలబెడితే అటు కథా చెడుతుంది, ఇటు పాఠమూ చెడుతుంది. అయినా పాపం, వారమంతా కూర్చుని రెండు పేజీల జవాబు రాసుకుంది, నమ్మకానికీ సైన్సుకూ దెబ్బ తగలకుండా.

ఆదివారం మధ్యాహ్నం గుడి లోపల నల్ల కంబళి పరిచారు. నలుగురు పెద్దలు, గోడకు ఆనుకుని నాయన. పొద్దుటి నుంచి ఆయన ఒక్క మాటా వాడుకోలేదు. ఆడమనిషేమిటని గొణిగిన ఒకరిద్దరిని చూపుతోనే కూర్చోబెట్టాడు. ఎర్రప్ప తాత పిడికిట్లో పసుపు పట్టుకుని ఈశ్వరి కళ్లలోకి చూశాడు.

"ఈ లోకం పుట్టేది నువ్వు సూసినావా?"

రెండు పేజీలూ ఎటు పోయాయో తెలియదు.

"లేదు తాతా."

"సూసినోళ్లు యాడన్నా ఉండారా?"

"లేరు. మా నాయన నోట ఇన్నా. ఆయన వాళ్ల గురువు నోట ఇన్నాడు."

"అట్లయితే సెప్పు" అని ఎర్రప్ప ఆమె అరచేతిలో పసుపు పోశాడు.

ఆ పసుపు గుప్పిట్లో పట్టుకునే ఈశ్వరి తాత వైపు వంగింది. ఇదే మాట అందరినీ అడుగుతారా అంది.

"కథ సెప్పేటోళ్లను తప్ప ఎవర్నీ అడగం. సూసినా అన్నోణ్ని బయటికి తోలేస్తాం. వాడికి సెప్పే యోగ్యత లేదు."

ఆమె నాయన వైపు చూసింది. ఆయన తల దించుకుని కంబళి అంచు సర్దుతున్నాడు. పద్దెనిమిదేళ్ల కిందటే ఈ ముసలాయన గొర్రెల దొడ్డిలో, పెంటికల మధ్య కూర్చుని, తనకు తెలిసిన అతి పెద్ద మర్యాద ఆమెకు చేశాడు. ఆమెకే అది తెలియలేదు. ఈశ్వరికి ఏడుపు ఆగలేదు.

బయట ఆమె కథ మొత్తం చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదల్లేదు. పుట్టలోంచి మొదటి గొర్రెపిల్ల తల బయటపెట్టే చోట ముసలివాళ్లు ఎప్పటిలాగే కళ్లు తుడుచుకున్నారు. అంత చక్కని కథను చెప్పడానికి ఇన్నాళ్లు భయపడినందుకు ఆమెకు సిగ్గేసింది.

కథ అయ్యాక విద్యార్థి శశికుమార్ ఆమె దగ్గరికొచ్చి, మేడమ్, మరి మీరు క్లాసులో చెప్పిందో అన్నాడు. ఆమె తడుముకోలేదు.

"రెండూ నేను సూడలేదప్పా. ఇది మా నాయన నోట ఇన్నా, ఇన్నట్లే సెప్పినా. అది కొలిచినోళ్ల దగ్గర నేర్సుకున్నా. దాన్ని నువ్వూ కొలిచి సూడొచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు. రేపు క్లాసులో అడుగు."

పొద్దు వాలేలోగా జనం పలచబడ్డారు. ఈశ్వరి వెళ్లి నాయన పక్కన నేల మీదే కూర్చుంది.

"నాయనా, ఆ పొద్దు దొడ్డిలో నేను సగంలో లేచి పోయినా. ఇంకోసారి అడుగు."

వీరప్ప ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, గొంతు సవరించుకుని, దాచుకున్న మాటలు తీశాడు.

"నువ్వు సూసినావా?"

"లేదు నాయనా."

"అట్లయితే సెప్పు."