కలుపు అత్తగారి మీదికి

చిన్న కోడలు భోజనాల బల్లను తుడిచిందే తుడుస్తోంది. బల్ల ఎప్పుడో శుభ్రపడింది. ఆమె చేతులే ఊరుకోవడం లేదు. సాయంత్రంలోగా ఒక కథను గొంతెత్తి చదివి, రికార్డు చేసి పంపాలి. గొంతుంది, కథ ఉంది, పెద్ద కోడలు వాడి ఇచ్చేసిన ఫోనుంది. గదే లేదు.

నిజానికి గదీ ఉంది. మేడమీద అద్దెకున్నాయన మొన్ననే ఖాళీ చేశాడు. తలుపు వేసుకుంటే ఇంట్లో ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో కూడా వినపడని గది. దాని తాళంచెవి మామగారి చొక్కా జేబులో ఉంది. ఆయన వంగినప్పుడల్లా అది బయటికి తొంగిచూస్తోంది. అదలా తొంగిచూసినప్పుడల్లా చిన్న కోడలి గుడ్డ ఇంకొంచెం గట్టిగా తిరుగుతోంది.

వినే పుస్తకాల కంపెనీలో చదివే ఉద్యోగం అది. మొదటి నమూనాను ఆమె బీరువాలో తలదూర్చి, మడతపెట్టిన బట్టల మధ్య చదివింది. ఎందుకంటే గోడకవతల పెద్ద కోడలు నిద్రపోతుంటుంది. ఆవిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. కంపెనీ నుంచి ఫోను చేసినావిడ మర్యాదస్తురాలే. "గొంతు బాగుందండీ. కానీ ఎవరింట్లోనో దొంగతనానికెళ్ళి, పనిలో పనిగా కథ చదువుతున్నట్టుంది. ఆదివారం సాయంత్రంలోగా ఇంకోటి పంపండి. అదీ ఇలాగే ఉంటే ఇక వద్దులెండి" అంది.

అదే గది పెద్ద కోడలికీ కావాలి. లోకం లేచాక పడుకునే మనిషి ఆవిడ. పడుకోగానే మిక్సీ, ఆ తర్వాత అత్తగారి టీవీ, ఆ తర్వాత మామగారు ఫోనులో తన మోకాళ్ళ గురించి చెప్పే కబుర్లు. "మొన్న సెలైను సీసా మారుస్తూ నిలబడే కునుకు తీశాను. ఏదో ఒకరోజు నా కొంప మునుగుతుంది" అని అన్నం ముందు కూర్చుని చెప్పింది. చెబుతూనే ఇంకో కునుకు తీసింది.

ఇద్దరిదీ న్యాయమే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకరిదైనా అన్యాయమై ఉంటే హాయిగా పోట్లాడుకునేవారు. వీళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, ఈ మాట రాగానే ఎవరిదో పాత స్కూటరు చూసొస్తామని పొద్దున్నే జారుకున్నారు. చివరికి మామగారే తోట ఆట పెట్టె తెచ్చి బల్లమీద పెట్టారు.

"మీ ఇద్దరిలో ఎవరు ముందుంటే గది వాళ్ళది. ఓడినవాళ్ళు మూతి ముడుచుకోకూడదు" అన్నారు.

"నేనో మీరో ముందుంటే?" అంది అత్తగారు.

"మనకి గదెందుకే?"

"పాత సోఫా పెట్టుకుంటా."

"దాన్ని లెక్కలోకి తీసుకోకండమ్మా" అన్నారాయన కోడళ్ళతో.

తోట ఆట పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పేకముక్కల్లాంటి ముక్కలతో ఆడతారు. మొదట్లో అందరికీ ఒకేలాంటి కట్ట: కొన్ని రాగి నాణేల ముక్కలు, మూడు కలుపు ముక్కలు. ప్రతిసారీ అయిదు ముక్కలు తీయాలి, చేతికొచ్చిన నాణేలతో బల్ల మధ్యలోంచి మంచివి కొని తన కట్టలో కలుపుకోవాలి. మొక్కకి ఒక పాయింటు, చెట్టుకి మూడు, తోటకి ఆరు. కలుపు చివరిదాకా కట్టలో ఉండిపోతే, ఒక్కోదానికీ ఒక పాయింటు పోతుంది. కొనేవాటిలో అంటు ముక్క అని ఒకటుంది. అది చేతికొచ్చినప్పుడు మన ముక్క ఒకటి ఇచ్చేసి దానికి పైమెట్టుది తీసుకోవచ్చు. కలుపుని మొక్కని చేయొచ్చు, మొక్కని చెట్టుని, చెట్టుని తోటని. ఆఖరి తోట ముక్క ఎవరు తీసుకుంటే అక్కడితో ఆట సరి.

ఇచ్చేసిన ముక్కను పెట్టెలో పడేయాలని నియమాల కాగితం చెబుతుంది. అత్తగారి ఇంట్లో కాగితం మాట చెల్లదు. "నిక్షేపంలాంటి ముక్కని పారేయడమేమిటి? ఎడమపక్కవాళ్ళకి ఇవ్వండి, వాళ్ళకి పనికొస్తుంది" అని ఆవిడ మొదటి రోజే శాసించింది. ఆ ఇంట్లో మిక్సీ కూడా అలాగే నడుస్తుంది. పెద్ద కోడలు కొత్తది కొంటే పాతది చిన్న కోడలికి. ఫోనూ అంతే, ఇస్త్రీపెట్టె అంతే, తిరుగుతూ తిరుగుతూ మధ్యలో అలిగి ఆగిపోయే ఫ్యానూ అంతే.

ఆటలో పెద్ద కోడలికి ఎడమపక్క చిన్న కోడలు కూర్చుంటుంది. చిన్న కోడలికి ఎడమపక్క అత్తగారు. ఆవిడ పక్కన మామగారు, ఆయన పక్కన మళ్ళీ పెద్ద కోడలు.

అంటు ముక్కను ఎప్పుడు వాడాలో చిన్న కోడలికి తెలియక కాదు. తొందరగా కొనాలి, కొన్న వెంటనే అన్నిటికంటే పనికిమాలిన ముక్కమీద వాడాలి. కట్ట పలచగా ఉన్నప్పుడు అది మాటిమాటికీ చేతికొస్తుంది. అప్పుడే కలుపంతా కడిగేసుకోవాలి. చెట్టుని తోట చేసే ముచ్చట ఆఖర్న తీర్చుకోవచ్చు. ఇదంతా ఆమె గిన్నెలు తోముతూ ఎన్నోసార్లు ఆలోచించుకున్నదే. కానీ ఆమె కలుపు పోయేది అత్తగారి కట్టలోకి. ఏ ముఖంతో పంపుతుంది? అందుకని ప్రతిసారీ ఒక మంచి మొక్కనే చెట్టు చేసి, ఆ మొక్కని అత్తగారికి అందించేది. "బంగారుతల్లి" అనేది అత్తగారు. బంగారుతల్లి ప్రతి ఆదివారమూ ఆఖరున ఉండేది.

ఈ ఆదివారం కూడా మొదలు అలాగే అయింది. పెద్ద కోడలు ఆవులిస్తూనే అంటు ముక్క కొని, రెండో వంతుకే వాడేసింది.

"ఇదిగోనే, నీకో కలుపు."

"థాంక్స్ అక్కా."

"థాంక్స్ ఏమిటే? తిట్టు. తిడితే నాకూ నిద్ర వదులుతుంది."

కాసేపటికి రెండోది వచ్చింది. ఆ వెంటనే మూడోది. పెద్ద కోడలి కట్ట దువ్విన జుట్టులా తయారైంది. చిన్న కోడలి చేతికి మాత్రం అయిదు తీస్తే మూడు కలుపే. నాణేలు రెండుంటే ఏం కొంటుంది? అంటు ముక్క ఆమె దగ్గరా ఉంది. ఇప్పటికి రెండుసార్లు వచ్చి, చేతిలో మొక్క లేక, వాడకుండానే మళ్ళీ కట్టలో కలిసిపోయింది. గోడగడియారం వైపు చూడకూడదని ఒట్టుపెట్టుకుని, చూసింది. బల్లకింద ఆమె కాలు ఆడుతూనే ఉంది.

"ఆ కాలు ఆపమ్మా, నా ముక్కలు వణుకుతున్నాయి" అన్నారు మామగారు.

మళ్ళీ తీసింది. మూడు కలుపు, ఒక మొక్క, అంటు ముక్క. మొక్కని చెట్టు చేయొచ్చు, అత్తగారు బంగారుతల్లి అంటుంది, గది పోతుంది. చేయి మొక్క దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. బీరువాలో తల పెట్టినప్పుడు ముక్కుకి తగిలే కలరాఉండల వాసన ఎందుకో గుర్తొచ్చింది.

కలుపు ముక్కని తీసి అత్తగారి ముందు పెట్టింది.

"అత్తయ్యా, ఇది... మీకు."

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. పెద్ద కోడలికి నిద్ర పూర్తిగా వదిలింది. అత్తగారు ఆ ముక్కని ఎత్తి, వెలుతురుకి పట్టి, ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇది కలుపేనా?"

"అవునత్తయ్యా." చిన్న కోడలికి కుర్చీతో సహా నేలలోకి దిగిపోవాలనిపించింది. "ఇంకేమీ తోచక..."

"ఇన్నాళ్ళూ నీకు తోచకపోవడమేమిటి? ఎప్పుడు చూసినా మొక్కలు తెచ్చి నా నెత్తిన పెడతావు. నా కలుపు మూడూ అయిపోయాక మీ మామయ్యకి పంపడానికి నా దగ్గరేముంటుంది? ఒక్కసారన్నా ఆలోచించావా నా గురించి?"

"అంటే నామీదికి పంపుదామనే?" అన్నారు మామగారు.

"మరింకెవరి మీదికి? నాకు ఎడమపక్క ఉన్నది మీరేగా."

రెండు వంతులు తిరిగేసరికి ఆవిడకీ అంటు ముక్క వచ్చింది. కలుపుని మామగారి ముందు పెట్టి, దానిమీద అరచేత్తో ఒకటి చరిచింది కూడా. ఎన్నేళ్ళ బాకీయో అందులో తీరినట్టుంది.

ఆ తర్వాత చిన్న కోడలు వెనక్కి తిరిగి చూడలేదు. ఒకదాని తర్వాత ఒకటి కలుపు ఎడమకి సాగింది. అత్తగారు అందుకుని అందుకున్నట్టే పంపింది. మామగారి దగ్గర మాత్రం కాసేపు నిలిచింది. ఆయన బీపీ చూసేదీ, ఉప్పు ఎంత తినాలో చెప్పేదీ పెద్ద కోడలే. చేతిలో అంటు ముక్క పట్టుకుని ఆయన నీళ్ళు నమిలారు.

"పెద్దమ్మాయ్, ఏమనుకోకమ్మా. ఆటలో భాగం."

"వేయండి మామయ్యా. రేపు మీ ఉప్పు సంగతి చూస్తాను" అంది పెద్ద కోడలు, నవ్వుతూనే. కానీ కట్టలో కలిపే ముందు ఆ ముక్కని ఇంకోసారి చూసుకుంది. తను వదిలించుకున్న కలుపు ఇలా చుట్టూ తిరిగి తన దగ్గరికి వస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ఇన్నేళ్ళూ అది చిన్న కోడలి దగ్గరే ఆగిపోయేది మరి. పైగా ఆవిడ అప్పటికే అంటు ముక్కలు కొనడం మానేసి, కట్టనిండా చెట్లు నింపుకుంది. ఉన్న ఒక్క అంటు ముక్క ఎక్కడో అడుగున ఉండిపోయింది. కలుపు మాత్రం ప్రతి వంతుకీ పలకరించింది.

మధ్యలో ఒక్క తోట ముక్క మిగిలింది. చిన్న కోడలి చేతిలో అంటు ముక్కా, చెట్టూ ఉన్నాయి. ఇప్పుడు చేస్తే ఆట సరి. కుడిపక్క నుంచి పెద్ద కోడలు గడ్డం కింద చేయి పెట్టుకుని చూస్తోంది. ఆవిడ కళ్ళకింద నలుపు ఇంత పరీక్షగా ఎప్పుడూ చూడలేదు చిన్న కోడలు. ఆటలో ఉంటే తన కళ్ళు ముక్కల మీదుంటాయి, లేనప్పుడు ఆవిడ పడుకుని ఉంటుంది, లేదా వెళ్ళిపోతూ ఉంటుంది.

"వెయ్యవే. నా మొహం మీద ఏమైనా రాసుందా?"

వేసింది. మామగారు లెక్కపెట్టారు, అనుమానమొచ్చి మళ్ళీ లెక్కపెట్టారు. చిన్న కోడలు రెండు పాయింట్లతో ముందుంది. తాళంచెవి జేబులోంచి బయటపడింది.

"ఇన్నాళ్ళూ నా చెత్తంతా కిక్కురుమనకుండా మోస్తుంటే నీకు ఆట రాదనుకున్నానే" అంది పెద్ద కోడలు. లేచి, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపి, వెళ్ళిపోయింది.

మేడమీద గదిలో కొత్త సున్నం వాసన. చిన్న కోడలు కిటికీ మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఫోనుని గూట్లో నిలబెట్టింది. కథ మొదటి వాక్యం చదివింది. విని చూసుకుంటే అదే దొంగ గొంతు. రెండోసారీ అంతే. మూడోసారి కావాలని గట్టిగా చదవబోయింది, సగంలో గొంతు దానంతటదే కిందికి దిగిపోయింది. లేపకూడని మనిషి ఇక్కడెవరూ లేరని గొంతుకి ఎలా చెప్పాలో తెలియలేదు. గదిలో ఈ మూలనుంచి ఆ మూలకి నడిచింది.

తలుపు తోసుకుని పెద్ద కోడలు వచ్చింది, చంకలో దిండుతో.

"కింద సోఫా జరుపుతున్నారు అత్తయ్యా మామయ్యా కలిసి. గది నీదే, నేను కాదనడం లేదు. ఈ ఒక్కరోజు ఈ మూలన పడుకుంటా. రాత్రి డ్యూటీ ఉంది."

"నేను చదవాలక్కా. గట్టిగా చదవాలి."

"చదువు. నీ కథలో మామయ్య మోకాళ్ళ నొప్పులైతే లేవుగా" అని ఆవిడ ఉత్త నేలమీదే గోడవైపు తిరిగి పడుకుంది.

చిన్న కోడలు చాలాసేపు ఆ వీపు వైపు చూసింది. సాయంత్రం అయిపోతోంది. రికార్డు నొక్కింది. మొదటి వాక్యం గొంతెత్తి చదివింది, గోడలు తిరిగి చెప్పేంత గట్టిగా. ఆగి చూసింది. వీపు కదల్లేదు. రెండో వాక్యం చదివింది. నిద్రపోయిందో, నిద్రపోయినట్టు పడుకుందో తెలియదు. అడగడానికి వీల్లేదు, ఫోను వింటోంది. మూడో వాక్యానికి ఆమె ఆగి చూడలేదు.