సర్కారు అక్షరం

అన్నకి పాత చైనా తెల్ల పింగాణీ అంటే పిచ్చి. అదీ, అడుగున 'సర్కారు' అని అర్థం వచ్చే చైనా అక్షరం ఉన్నదే కావాలి. అది లేకపోతే వెయ్యేళ్ళనాటి గిన్నె కూడా ఆయన కంటికి ఆనదు. ఆ ఇంట్లో పెళ్ళాం బట్టలు అట్టపెట్టెల్లో ఉండేవి, గిన్నెలు అద్దాల బీరువాలో ఉండేవి.

ఆ బీరువా పక్కనే తమ్ముడి పనిబల్ల. వాడిది విరిగిన పింగాణీ అతికే పని. ఆ ఊళ్ళో వాడంత పనివాడు మరొకడు లేడు.

అలాంటివాడి బుద్ధి గడ్డి తిన్నది. ఒకరోజు వాడికి అడుగున ఆ ముద్ర లేని అసలు సిసలు పాత గిన్నె దొరికింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. అన్న దాన్ని గుమ్మంలోంచే తిప్పి పంపుతాడని తెలిసి, గాజు కోసే వజ్రపు మొనతో అడుగున తనే ఆ అక్షరం చెక్కాడు.

అన్న వారంపాటు మురిసిపోయాడు. ఎనిమిదోరోజు పొద్దున్న అక్షరం మీద గోరు పెట్టి గీరాడు. కాల్చకముందే పచ్చిమట్టిలో రాసినదైతే పైన తెల్లటి మెరుగు కప్పుకుని నున్నగా ఉండాలి. ఇది గరుకుగా తగిలింది.

తమ్ముణ్ణి పిలిచి మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లింది. రెండో గుద్దుకి వాడు బల్లమీద పడ్డాడు. తప్పయిపోయిందన్నాడు, కాళ్ళు పట్టుకుంటానన్నాడు. ఆయన వింటేగా! వాడి కుడిచేతిని బల్లకేసి అదిమి, అతుకులు ఆరేదాకా బరువు పెట్టే ఇనప దిమ్మ ఎత్తాడు. వాడికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ చెయ్యి పోతే ఇక వాడు బతికేదెలా?

అరుపులకి పరుగెత్తుకొచ్చిన వదిన బీరువా తెరిచి, నిజమైన ముద్రున్న పెద్ద పళ్ళెం రెండు చేతులతో పైకెత్తింది.

"వాడి చెయ్యి వదలండి. లేకపోతే దీన్ని పడేస్తాను."

"నీకంత ధైర్యం లేదులే," అంటూ ఆయన దిమ్మ దించాడు.

ఎముకలు పటపటా విరిగాయి. ఒకసారితో ఆగలేదు, మళ్ళీ కొట్టాడు. వదిన పళ్ళేన్ని నేలకేసి కొట్టింది.

అప్పుడాగాడు. మోకాళ్ళ మీద పాకుతూ ముక్కలు ఏరాడు. అరచేతులు తెగి రక్తం కారుతున్నా ఆయనకి పట్టలేదు. ముక్కల్ని తమ్ముడి ముందు పోసి, వలవలా ఏడ్చాడు.

"నాన్నా, అతికించరా. నువ్వు తప్ప ఇంకెవడూ చెయ్యలేడురా."

పాపిష్టి అలవాటు. తమ్ముడు ముక్క అందుకోబోయాడు. వేళ్ళు కదల్లేదు.