మూడో సాలు మొక్కజొన్న

నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. అందుకే ల్యాబు నుంచి రిపోర్టు వచ్చిన రోజు అది తప్పని ముందుగా అరిచింది నేనే.

సింహాద్రిపురం పక్కన మా పరిశోధన పొలంలో పన్నెండు రకాల మొక్కజొన్న వేశాం, రకానికి ఒక సాలు. పూతకొచ్చే ముందు మూడు వారాలు నీళ్లు ఆపేశాం. అన్ని సాళ్లలోనూ ఆకులు చుట్టుకుపోయాయి. మూడో సాలు మాత్రం తనకేమీ పట్టనట్టు పచ్చగా నిలబడింది. దాన్ని చూస్తే నేనే కన్నంత గర్వంగా ఉండేది.

రిపోర్టేమో కరువును తట్టుకునే జన్యువులు పదో సాలులో ఉన్నాయంది. పదోదాని ఆకులు అప్పటికే ఎండి గరగరలాడుతున్నాయి. మా సైంటిస్టు ప్రియదర్శిని మేడమ్ రెండుమూడుసార్లు చదివారు. మూడో సాలు కింద ఎక్కడో తేమ ఉండి ఉంటుందని, కంటిని నమ్మి పోయినేడు ఒకసారి మోసపోయామని అన్నారు. పదోది ఉంచి, మిగతావి పుప్పొడి రాలి దానికి అంటకముందే కోసేయమన్నారు. మూడో రకం గింజలు మా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. కోస్తే ఇక అంతే.

గుల్జార్‌బీ కొడవలి తీసుకుని వచ్చింది. పదకొండేళ్లుగా మా పొలంలో పనిచేస్తోంది. మగపూత దులిపి పుప్పొడి పట్టడంలో, దాన్ని కండె పీచు మీద చల్లడంలో ఆమె చేతికి తిరుగులేదు. ల్యాబుకు పంపిన ఆకు ముక్కల్ని ట్రేలో పెట్టిందీ ఆమే. ఆ ట్రేలో వరసగా పన్నెండు గుంతలు, వాటికి అంకెల్లేవు.

మూడో సాలు దగ్గర ఆగిపోయి, ఆ రిపోర్టు ఒకసారి చూపించమంది. అందులో ట్రే బొమ్మ ఉంది. మేడమ్ ఎడమ నుంచి ఒకటి, రెండు అని వేలు జరుపుతుంటే గుల్జార్‌బీ ముఖం పాలిపోయింది.

“మేడమ్, నేను ఈ పక్క నుంచి పెట్టినా,” అని కుడి చివర వేలు పెట్టింది. “నాకు వచ్చింది ఉర్దూ ఒకటే. మాకు రాత ఈడ్నుంచే మొదులు.”

కుడి నుంచి మూడోదంటే ఎడమ నుంచి పదోది. మేడమ్ లెక్కపెట్టి చూసుకుని, ముక్కలు పెట్టిన రోజు దగ్గరుండి ఎవరు చూశారని అడిగారు. గుల్జార్‌బీ తప్పంతా తనదేనంది. పని నుంచి తీసేసినా సరే, సాలు మాత్రం కోయొద్దంది. అంత నోరున్న నేను అప్పుడు మాట్లాడలేదు.

పుప్పొడి రాలకుండా పూతలన్నిటికీ కాగితం సంచులు తొడిగి, మళ్లీ ఆకులు పంపాం. అయిదో రోజు ఫోనొచ్చింది. మూడో సాలే. మేడమ్ గుల్జార్‌బీ చేతులు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

మధ్యాహ్నం గట్టు మీద అన్నం తింటూ ఆమెను అడిగాను, చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా అని.

“నాకీ పని పోతే ప్రొద్దుటూరులో బట్టలంగట్లో ఇంగో పని దొరుకుతాది నాగేంద్రప్పా,” అంది. “ఆ మూడో సాలు పోతే మల్లా యాడ తెస్తాము?”

ఇంత పెద్ద మనసున్న మనిషిని ఇన్నేళ్లూ చదువురాని కూలి మనిషిగానే చూశాను. చేయి కడుక్కుని మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు ట్రే దగ్గర ఉండాల్సింది నేనేనని, టీకి పోయొచ్చి చూడకుండానే సంతకం పెట్టానని చెప్పాను.