గజ్జెలా, నేనా?

నేను ఒక మట్టి చిలుంను, పొగ పీల్చే గొట్టాన్ని, జానెడు పొడవుంటాను. నన్ను కాల్చి సంతలో అమ్మిన కుమ్మరి "పగిలితే నా పూచీ లేదు" అన్నాడు. తాగితే ఎవరి పూచీ అన్నది అతనూ చెప్పలేదు, కొన్న బైరాగీ అడగలేదు.

ఆ బైరాగి ఎస్.కోట దగ్గరి జాతరలో నన్ను గౌరీసుకి ఇచ్చేసి పోయాడు. గౌరీసు తప్పెటగుళ్లు ఆడతాడు. రొమ్ముకు రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టి అతను ఎగిరితే జనం తోసుకొచ్చేవారు. ఇరవై ఏడేళ్లవాడు. నేనొచ్చాక సిగరెట్లు మానేశాడు, దగ్గు తెప్పిస్తున్నాయని. గజ్జె కట్టే ముందు గంజాయిలో చిటికెడు పొగాకు నలిపి, నా అడుగున తడిగుడ్డ చుట్టి దమ్ము లాగేవాడు. కాళ్లకు బలమట. నాకు నిప్పు, అతనికి ఊపు. బేరం బాగుందనే అనుకున్నాను.

మూడో ఏట తూకం తేడా కొట్టింది. నడిస్తే పిక్క పట్టేసేది. ఎండలోనూ ఎడమ పాదం చల్లగా ఉండేది. గజ్జె బిగుసుకుందని తాడు వదులు చేశాడు. చిటికెన వేలు నల్లబడ్డాక భార్య సన్యాసమ్మ ఆసుపత్రికి లాక్కొచ్చింది. అట్నుంచటే ఆటకు పోదామని అతను గజ్జెల మూట కూడా పట్టుకొచ్చాడు.

డాక్టరమ్మ పాదం మీద నాడి వెతికింది. దొరకలేదు.

"బీడీ, సిగరెట్టు తాగుతావా?"

"సిగరెట్టు ముట్టి మూడేళ్లయింది తల్లీ. బీడీ అసలే నేదు."

అబద్ధం కాదు. అదే తంటా.

సన్యాసమ్మ అతని జేబులోంచి నన్ను లాగి బల్ల మీద పెట్టింది. "మరిదేటి మావా? నీ నోట్లోంచి వచ్చింది సాంబ్రాణి పొగేటి?"

"అది ఆకే కదేటే! కొండాకు కాలికేటి సేస్తాది?"

డాక్టరమ్మ నన్ను వాసన చూసింది. "గంజాయి, పొగాకు రెండూ ఉన్నాయి. ఏది ఎంత చెరిచిందో విడదీసి చెప్పలేను. కాలికి నెత్తురు తీసుకెళ్లే నాళాలు మూసుకుపోతున్నాయి. వేలు తీసెయ్యాలి. రెండూ మానితే పాదం దక్కొచ్చు."

గౌరీసు నాకేసి చెయ్యి చాపాడు. సన్యాసమ్మ గజ్జెల మూట తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఒకటే ఇంటికొస్తాది. తియ్యి."

చాపిన చెయ్యి పక్కకు జరిపి, గజ్జెలు తీసుకున్నాడు.

అప్పట్నుంచి నేను డాక్టరమ్మ బల్ల మీదే ఉన్నాను. సిగరెట్టు లేదన్న ప్రతి కుర్రవాడికీ నన్నెత్తి చూపి "మరి ఇది?" అంటుంది. వాళ్లు నన్ను దోషిలా చూస్తారు. చూడనీ. నేను ఎవరి నోటి దగ్గరికీ నడిచి వెళ్లలేదు. వాళ్లు దాచిన మాట నేను దాచను, అంతే.

మొన్న గౌరీసు వచ్చాడు. ఎడమ పాదానికి నాలుగే వేళ్లు. నావైపు కన్నెత్తి చూడలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, చంకలోని మూటను ఒక్కసారి ఘల్లుమనిపించాడు.

దానికి నా దగ్గర ఎదురు బేరం లేదు.