ఏడో వరుస

"స్వర్ణా, గీ బాలమల్లు ఇరవై రెండు దినాలు నాగా పెట్టిండు, సూడు!"

కొండల్ కేక విని స్వర్ణలత పొయ్యి ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. శంషాబాద్‌లో వాళ్లది మంచినీళ్ల క్యాన్ల ప్లాంటు. ఎయిర్‌పోర్టు వైపు గోదాములకూ హాస్టళ్లకూ నీళ్లు పోతాయి. పనివాళ్లు ఆరుగురు. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేసిందీ కంప్యూటర్‌లో పట్టిక కట్టి ఎక్కించేది స్వర్ణలతే. రాని రోజుకు సున్నా.

గుమ్మం దగ్గర బాలమల్లు తల వంచుకొని ఉన్నాడు. "ఒక్క దినమే అక్కా. పిల్లకు జరమొస్తె దవాఖానకు పోయిన."

"ఏం కొట్టి ఎతికినవ్?" అని ఆమె భర్తను అడిగింది.

"సున్నా కొట్టిన. ఆని వరుసల ఇరవై రెండు దొరికినయ్. నీ రాతల్నే తప్పున్నదా ఏంది?"

దొరికిన గడులు ఒక్కొక్కటే తీసి చూసింది. ఇరవై ఒక్క గడుల్లో ఉన్నది పది. పదిలో సున్నా ఉంది కదా, కంప్యూటర్ దాన్నీ పట్టుకుంది. ఎనిమిది గంటలు చేసినవాళ్లు తప్పించుకున్నారు, పది గంటలు క్యాన్లు మోసినవాడు దొరికిపోయాడు. గడి మొత్తం సరిపోతేనే చూపించమని గుర్తు పెట్టి మళ్లీ వెతికింది. ఒక్కటే దొరికింది.

"జర ముందుగాల్నే చెప్పొద్దా?" అని కొండల్ ఆమెనే అన్నాడు. బాలమల్లును పనికి పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆమె లేవలేదు. దొరికిన ఆ ఒక్క సున్నా మీద తేదీ చూస్తూ ఉండిపోయింది. సరిగ్గా నెల. ఆ రోజే మంఖాల్ నుంచి అన్న ఫోన్ చేశాడు, అమ్మకు ఊపిరి ఆడటం లేదని. ఆటోలో అరగంట దూరం. "బాలమల్లు గూడ రాలే. ఫోన్లెవరెత్తుతరు, ఆర్డర్లెవరు రాస్తరు? రేపు పో," అన్నాడు కొండల్. "ఇంట్ల కూసుండి ఫోన్లెత్తుడు గూడ ఒక పనేనా!" అని రోజూ దెప్పే అత్త రేణుకమ్మ ఆ రోజు నోరు తెరవలేదు. తన పని ఆపాలంటే అంత పెద్దది, చెప్పుకోవాలంటే ఇంత చిన్నది. పద్నాలుగేళ్లుగా లెక్క ఇలాగే తేలుతోంది. మర్నాడు వెళ్లేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. పిల్ల జ్వరానికి బాలమల్లు పనివాడై ఉండీ ఒక రోజు నాగా పెట్టగలిగాడు. ఇంటి ఇల్లాలై ఉండీ తను పెట్టలేకపోయింది. ఈ రోజు నెల మాసికం. పొద్దున భర్తను అడిగితే, "కొడుకున్నడు, చేస్తడు. నువ్వు పోయి ఏం చేస్తవ్?" అన్నాడు.

పట్టికలో ఆరు వరుసలు. అందులో తనకు పదీ లేదు, సున్నా కూడా లేదు. సున్నా పడాలన్నా మనిషికి ఒక వరుస ఉండాలి.

ఏడో వరుసలో తన పేరు కొట్టింది. ఈ రోజు గడిలో సున్నా వేసింది. ఆర్డర్ల ఫోన్ భర్త ముందు పెట్టి, చీర మార్చుకొని వచ్చింది.

"గిదేంది, ఏడో వరుసల నువ్వున్నవ్?" కొండల్ తెర వైపు చూస్తున్నాడు.

"నాగా పెడుతున్న. మంఖాల్ పోతున్న."

"మరి ఫోన్లు?"

"నువ్వెత్తు. కూసుండి చేసే పనే కదా."

ఆటో శ్రీశైలం రోడ్డు ఎక్కాక ఆమెకు ఏడుపొచ్చింది. ఆ సున్నా నెల కింద వేసుకోవాల్సింది.