అడగని ఇంజన్

రోజ్విత డబ్బాలోని పెట్రోలు, చిన్న సీసాలోని ఆయిలు ట్యాంకులో పోసి మూత బిగించింది. కారు వెనక బంపరు మీద రెండు చేతులూ ఆన్చి ఊపడం మొదలుపెట్టింది. పాత వార్ట్‌బుర్గ్ టూ స్ట్రోక్ కారు ఉన్నవాళ్లంతా చేసే పనే అది. ఆయిలు అడుక్కి దిగిపోకుండా పెట్రోల్లో కలిసిపోవాలంటే కారును ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. చూసేవాళ్లు నవ్వితే నవ్వుకోనీ.

ఆమె ఊపిరితిత్తులు బాగుపడాలని డాక్టరు సముద్రపు ఒడ్డున వైద్యశాలకు నాలుగు వారాలు పంపాడు. అక్కడ ఉప్పుగాలి పీల్చింది, ఉప్పులేని సూపు తాగింది, నిన్న సాయంత్రమే ఇంటికి చేరింది. పొద్దున్నే కాఫీ కూడా సరిగ్గా తాగకుండా అపార్టుమెంట్ల వెనకున్న గ్యారేజీల వరసకు వచ్చేసింది. వెళ్లేముందు గ్యారేజీ రెండో తాళం అన్నయ్య ఇంగోల్ఫ్ చేతికిచ్చి ఒక్కటే పని అప్పజెప్పింది. వారానికోసారి బ్యాటరీ చార్జి చెయ్యి, అంతే.

"ఆపు! ఆపవే! ఆయిలు పోశావా ఏంటి?"

వరస చివర నుంచి ఇంగోల్ఫ్ పరిగెత్తుకొస్తున్నాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, చేతిలో గుడ్డ కప్పిన కేకు పళ్లెం.

"పోయక? నలభై ఏళ్ల నుంచి ఇందులో ఏం పోస్తున్నా, పాలా?"

"అయ్యో, చెడగొట్టావే! నేనొచ్చేదాకా ఆగలేకపోయావా? నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా." అతను రొప్పుతూనే నవ్వాడు. "ఇంక దీనికి ఆయిలు అక్కర్లేదు. బానెట్ ఎత్తి చూడు."

రోజ్విత ఎత్తింది.

లోపల ఆమె ఇంజన్ లేదు. దాని చోట ఇంకేదో ఉంది. నల్ల ప్లాస్టిక్ మూత, లావుపాటి పైపులు, పడమటి దేశపు కారుదేదో, ఆయిలు కలపక్కర్లేని ఫోర్ స్ట్రోక్ ఇంజన్. కొత్తగా వెల్డింగ్ చేసిన పట్టీల మీద అద్దెకు దిగినవాడిలా కాళ్లు చాపుకుని కూర్చుంది.

"పొగ రాదు, వాసన రాదు, ఆ గోలే ఉండదు" అంటున్నాడు ఇంగోల్ఫ్. "తాళం తిప్పు, పిల్లి గురక పెట్టినట్టు ఉంటుంది. నాలుగు వారాలు పగలనక రాత్రనక చేశా. నడుం పడిపోయిందనుకో."

రోజ్విత తాళం తిప్పలేదు. ఆమె కళ్లు ఇంజన్ కింద ఆగిపోయాయి. రేడియేటర్ పట్టేందుకు కారు చట్రంలో ముందువైపు అడ్డుకమ్మీని కోసేశాడు. కోసిన చోట్ల వెండిరంగు పెయింటు నీటుగా పూశాడు కూడా. ఆ నీటుదనం చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కోశావా?"

"మరి కొయ్యకపోతే ఎలా పడుతుందే?"

"నా కారును కోశావా?"

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మార్పు అంటే రోజ్వితకు పడదని ఎవరైనా అంటే అది అబద్ధం. పేరు రాయించుకుని పద్నాలుగేళ్లు ఎదురుచూసి, ఎనభై అయిదులో తీసుకున్న కారది. దానికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది ఆమే. ముందు దీపాలు మార్చింది, వెనక సీటుకు బెల్టులు బిగించింది. మొన్న చలికాలంలో ఇంజన్ మొత్తం విప్పి, మూడు పిస్టన్లకూ కొత్త రింగులు వేసి మళ్లీ కూర్చింది. ప్రతి మార్పుకూ ముందు స్టూలు మీద కూర్చుని రోజులకు రోజులు ఆలోచించింది. ఆ కారులో ఆమె ఎరగని నట్టు లేదు. ఇప్పుడు బానెట్ కింద ఆమెకు తెలిసింది ఒక్క బ్యాటరీ మాత్రమే. దాన్ని మాత్రం అన్నగారు శ్రద్ధగా చార్జి చేశాడు.

"నా ఇంజన్ ఎక్కడ?"

ఇంగోల్ఫ్ కేకు పళ్లేన్ని కారు పైకప్పు మీద పెట్టబోయి, ఆమె ముఖం చూసి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"మలుపు అవతల సిల్వియోకిచ్చా. వాడు సాసేజీలు అమ్మే వ్యానుకి సరిగ్గా అదే ఇంజన్ కదా పట్టేది. వాడిది చచ్చి ఏడాదయింది. వాడి దగ్గర ఇది ఊరికే పడుంది. మార్చుకున్నాం. ఎవరికీ పైసా నష్టం లేదు."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట! నీదా అది ఇవ్వడానికి? నన్ను అడిగావా?"

"అడిగితే వద్దంటావు."

"వద్దనేదాన్నే!"

"అందుకే అడగలేదు" అన్నాడు ఇంగోల్ఫ్. తానెంత మాట అన్నాడో అతనికే తెలియదు. బస్సు డిపోలో నలభై ఏళ్లు మెకానిక్‌గా చేసినవాడు, ప్రపంచంలో ప్రతిదాన్నీ బాగుచెయ్యొచ్చనుకుంటాడు, చెల్లెల్ని కూడా. "అది కాదే, నీ ఊపిరితిత్తుల సంగతి నీకు తెలీదా? రాత్రుళ్లు ఆ దగ్గు... ఆ నీలం పొగ పీలుస్తూ ఇంకెన్నాళ్లు? నీ మంచికే చేశా."

'నీ మంచికే.' ఆ మాట వినగానే రోజ్విత చేతులు తుడుచుకునే గుడ్డ తీసి విసిరికొట్టింది.

"నా ఊపిరితిత్తులు పొగకి పోలేదు. మిల్లులో దూది ధూళికి పోయాయి. ఆ మిల్లులో నన్ను చేర్చిందెవరు?"

ఇంగోల్ఫ్ పళ్లెం మీది గుడ్డ సర్దాడు.

"చెప్పు! నాకప్పుడు పదహారేళ్లు. నేను డిపోలో పని నేర్చుకుంటానన్నా. నువ్వేం చేశావు? ఆడపిల్లకి గ్రీజు పనేంటని మిల్లు మేనేజరుతో మాట్లాడేసి, సోమవారం నుంచి రమ్మన్నారని ఇంటికొచ్చి చెప్పావు. అదీ నా మంచికే. అమ్మ చప్పట్లు కొట్టింది. అప్పుడూ నన్నెవరూ అడగలేదు!"

వరసలో అటుపక్క గ్యారేజీ తలుపు కిర్రుమని తెరుచుకుని, గొడవ విని మళ్లీ మూసుకుంది. ఇంగోల్ఫ్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఈ మాట ఆమె ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు. అతను మాత్రం ఆమె దగ్గిన ప్రతిసారీ అనుకుంటూనే ఉన్నాడేమో, ముఖం తెల్లగా పాలిపోయింది.

"గ్యారేజీ తాళం ఇటివ్వు" అంది రోజ్విత.

ఇచ్చాడు. కేకు పళ్లెంతో వచ్చినదారినే వెళ్లిపోయాడు.

ఇంజన్ ఎక్కడుందో వెతికే పని పడలేదు. వరస మలుపు తిరగకముందే చప్పుడు వినబడింది, రెంగ్ తెంగ్ తెంగ్ అని. తన బిడ్డ ఏడుపు పొరుగింట్లోంచి వినపడితే తల్లికి ఎలా ఉంటుందో రోజ్వితకు అలా ఉంది. సిల్వియో వ్యాను వెనక నీలంపొగ మధ్య నిలబడి కార్బురేటర్ సవరిస్తున్నాడు. నలభై దాటిన భారీ మనిషి, ఎప్పుడూ ఆవాల ముద్ద మరకల చొక్కాయే.

"రా రా, రోజ్విత అక్కా! సముద్రం ఎట్టా ఉంది? నీ పుణ్యమా అని వ్యాను లేచి కూర్చుంది చూడు."

"కట్టెయ్ దాన్ని."

సిల్వియో కట్టేశాడు.

"నా ఇంజన్ ఇస్తానని నీతో నేనన్నానా?"

"నువ్వనలేదు. మీ అన్నయ్య అన్నాడుగా, చెల్లి సరేనంది, తను ఊళ్లో లేదు కాబట్టి నేనే వచ్చానని." సిల్వియో ఆమె ముఖంలోకి చూసి గుడ్లు తేలేశాడు. "ఏంటి, నీకు తెలీదా? దేవుడా! ఆ ముసలాడు నా చెవిలో పువ్వు పెట్టాడా?"

ఈ గ్యారేజీల వరసలో ఒక కట్టుబాటు ఉంది. అంగట్లో ఏమీ దొరకని పాతరోజుల నుంచీ ఉంది. నాకు సైలెన్సర్ కావాలి, నీ దగ్గరుంది. నీకు కిటికీ అద్దం కావాలి, నా దగ్గరుంది. మార్చుకుంటాం. కానీ సొంతదారు చెయ్యీ సొంతదారు చెయ్యీ కలవాలి, చెరో బీరూ తాగాలి. అలా చేతులు కలిసిన వస్తువును మళ్లీ వెనక్కి అడగడం అంటే తలవంపులు. ఈ గ్యారేజీలు కట్టిన రోజుల నుంచీ ఎవరూ అడగలేదు.

"వెనక్కి ఇమ్మని అడగడానికొచ్చా" అంది రోజ్విత. "అందరూ ఏమనుకున్నా సరే."

సిల్వియో చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"కలిసిన చెయ్యి నీది కాదుగా అక్కా. మరి బేరమే కాలేదు. నేనూ నువ్వొచ్చేదాకా ఆగాల్సింది. ఆశ, ఏం చెయ్యను!" అని వ్యాను వైపు దిగులుగా చూశాడు. "ఒక్కటి అడగనా? ఈ శనివారం ఊళ్లో ఉత్సవం. ఏడాదిలో నేను నాలుగు రాళ్లు చూసేది ఆ ఒక్కరోజే. అది అయ్యేదాకా ఉంచుకోనా? ఆదివారం పొద్దున్నే నేనే విప్పి తెచ్చిస్తా. నువ్వు వద్దంటే ఇప్పుడే విప్పుతా, ఒట్టు."

ఆ భారీ మనిషి సాసేజీ పొయ్యి పక్కన నిలబడి, ఆమె ఏమంటుందా అని నిజంగానే ఎదురుచూస్తున్నాడు. వద్దంటే విప్పేసేవాడే.

"ఉంచుకో" అంది. "ఆయిలు మాత్రం తక్కువ పోయకు. యాభై లీటర్ల పెట్రోలుకి ఒకటి."

ఆ వారమంతా ఆమె గ్యారేజీలోనే ఉంది. ట్యాంకులో కలిపిన పెట్రోలంతా దింపింది. చైన్ పుల్లీ కట్టి ఆ పరాయి ఇంజన్‌ని పైకి లేపి చేతిబండి మీదికి దించింది. ఒక్కో బోల్టూ విప్పుతూ తిట్టుకుంది. బోల్టులన్నీ శుభ్రంగా, కొలతగా బిగించి ఉన్నందుకు ఇంకా తిట్టుకుంది. మంచి పనివాడు చేసిన తప్పును విప్పడమంత కష్టం ఇంకోటి లేదు. కోసిన అడ్డుకమ్మీకి ముక్క కొలిచి, వెల్డింగ్ చేసి, పొంగిన అతుకును అరగదీసింది. వెల్డింగ్ ముసుగు తీసినప్పుడల్లా దగ్గు వచ్చేది. స్టూలు మీద కూర్చుని తగ్గేదాకా ఆగి మళ్లీ లేచేది.

ఇంగోల్ఫ్ రెండుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. గురువారం నాడు వరస చివర నిలబడి ఇటే చూస్తూ కనిపించాడు. ఆమె తలుపు దగ్గరికి లాక్కుంది.

ఆదివారం సిల్వియో మాట తప్పలేదు. పొద్దున్నే ఇంజన్‌ని చేతిబండి మీద తోసుకొచ్చాడు, కడిగి మరీ తెచ్చాడు. పరాయి ఇంజన్‌ని తను తీసుకెళతానన్నాడు. ఇద్దరూ కలిసి పాతదాన్ని దాని చోట దించారు. మధ్యాహ్నానికి గొట్టాలూ తీగలూ అన్నీ కలిశాయి.

సిల్వియో చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాడు. రోజ్విత పెట్రోలూ ఆయిలూ పోసి, కారును ఊపి, తాళం చేతిలోకి తీసుకునేసరికి తలుపు దగ్గర నీడ పడింది. ఇంగోల్ఫ్! చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. ఇన్నేళ్లలో ఏ తలుపు దగ్గరా ఆగని మనిషి గడప బయట ఆగాడు.

"లోపలికి రానా?"

"వద్దు" అంది రోజ్విత.

అంటూనే ఒళ్లు బిగబట్టింది. ఎలాగూ వచ్చేస్తాడు, ఏదో ఒక స్పానర్ అందుకుంటాడు, ఇలా కాదే అలా అంటాడు. కారులో కూర్చుని కసిగా తాళం తిప్పింది. ఇంజన్ ఒకసారి మూలిగింది, రెండోసారి తుమ్మింది, మూడోసారి రెంగ్ తెంగ్ తెంగ్ అని లేచింది. ఇన్ని వారాల తడీ ఆయిలూ కలిసి సైలెన్సర్లోంచి నీలం పొగ ఒక్కసారిగా ఎగదన్ని గ్యారేజీ నిండా కమ్మేసింది.

దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు. కారు కట్టేసి, తలుపు పట్టుకుని బయటికి దిగి, బానెట్ మీదికి వంగిపోయింది. ఊపిరి అందలేదు, కళ్ల ముందు చుక్కలు కనిపించాయి.

"చెల్లీ!" ఇంగోల్ఫ్ గొంతు పగిలింది. "రానా? రానివ్వవే!"

ఆమె తలెత్తకుండానే చెయ్యి అడ్డంగా ఊపింది.

దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆమె కారును పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వెనక్కు నడిచి, వెనక గోడలోని చిన్న కిటికీ తనే తోసి, చల్లగాలికి ముఖం పెట్టింది. కాసేపటికి గుండెల్లో గరగర తగ్గింది. ఊపిరి నిలబడింది. ఇటు తిరిగింది.

ఇంగోల్ఫ్ గడప బయటే ఉన్నాడు. జేబుల్లోని చేతులు ఎప్పుడు బయటికొచ్చాయో, తలుపు చట్రాన్ని రెండువైపులా పట్టుకుని ఉన్నాయి. వేళ్లు తెల్లబడిపోయాయి. కాళ్లు మాత్రం గడప దాటలేదు. చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చట్రం వదలడం లేదు.

"నేను చచ్చిపోతుంటే కూడా అక్కడే నిలబడ్డావా?" అంది రోజ్విత, బొంగురు గొంతుతో.

"నువ్వు వద్దన్నావుగా" అన్నాడు అతను.

ఆమె ఆయిలు చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"రా అన్నయ్యా" అంది.