జామ్ ముందా, మీగడ ముందా

పెళ్ళీ పెటాకులూ లేని డెంజిల్ అరవై ఆరేళ్ళ వయసులో మొదటిసారి మైదాపిండిలో చెయ్యి పెట్టాడు. రైల్వేలో సిగ్నళ్ళు మార్చిన చెయ్యి అది, వెన్నను వేళ్ళ కొసలతో పిండిలో నలపడం దానికేం తెలుస్తుంది? పొడిపొడిగా రావాల్సింది ముద్దలు కట్టింది. అయినా వదల్లేదు. నాలుగింటికి అక్క లవ్‌డే వస్తోంది, నాలుగేళ్ళ తర్వాత.

గొడవంతా ఒక స్కోన్ దగ్గరే వచ్చింది, టీతో తినే గుండ్రటి చిన్న రొట్టె దగ్గర. ఇంగ్లండు కొసన డెంజిల్ పుట్టిపెరిగిన కార్న్‌వాల్ వాళ్ళు స్కోన్‌ను రెండుగా విరిచి ముందు జామ్ పూసి, దాని మీద మీగడ పెడతారు. టేమర్ నది దాటితే డెవన్ వాళ్ళకు ముందు మీగడ, తర్వాతే జామ్. లవ్‌డే డెవన్ వాణ్ణి చేసుకుంది. అమ్మను మట్టి చేసిన రోజు చర్చి హాల్లో టీ ఇస్తుంటే, ఆమె ముందు మీగడ పూసింది. డెంజిల్ నోరు ఊరుకోలేదు.

"అమ్మ మీద మట్టి ఇంకా ఆరనేలేదు, అప్పుడే ఆ ఒడ్డుదానివైపోయావా?" అన్నాడు, అందరి ముందూ.

ఆమె పళ్ళెం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత క్రిస్మస్ కార్డులే తప్ప మాటల్లేవు. ఉన్న ఒక్క తోబుట్టువూ ఇవాళ కూడా అలాగే లేచిపోతే ఇక జన్మలో రాదని అతని భయం.

గుండ్రటి అచ్చుతో పిండిని కోశాడు, సీసా మూత తిప్పినట్టు తిప్పి మరీ. ఓవెన్లోంచి తీస్తే ప్రతి స్కోనూ ఒక పక్కకే పొంగి, తాగినవాడిలా ఒరిగిపోయి ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఓవెన్‌ను నాలుగు తిట్లు తిట్టాడు. ఇంతలో గేటు చప్పుడైంది.

లవ్‌డే కోటైనా విప్పకుండా బల్ల మీదికి చూసింది.

"అచ్చు తిప్పావు కదూ?"

"తిప్పకపోతే ఎట్లా ఊడొస్తుంది?"

"తిన్నగా నొక్కి తిన్నగా లాగాలిరా. తిప్పితే అంచు మూసుకుపోతుంది, ఇంకెక్కడ పొంగుతుంది పాపం? అన్నేళ్ళు అమ్మ చేస్తుంటే ఒక్కసారైనా చూశావుట్రా?"

"తినడానికే టైము సరిపోయేది."

ఆమె నవ్వలేదు గానీ కోటు విప్పి కూర్చుంది. డెంజిల్ ఒక స్కోన్ విరిచి, ముందు మీగడ పూశాడు. దాని మీద జామ్ వేశాడు. ప్రాణం విలవిల్లాడింది. అయినా పళ్ళెం అక్క ముందుకు జరిపాడు.

"ఇదేంట్రా?"

"మీ ఒడ్డు పద్ధతే. తినక్కా."

లవ్‌డే పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంది.

"నలభయ్యేళ్ళ నుంచీ ఆ ఇంట్లో నేను జామే ముందు పూస్తానురా. మీ బావ వెక్కిరిస్తూనే ఉంటాడు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు ఏడుస్తున్నాను. కళ్ళ నిండా నీళ్ళు. ఏ గిన్నెలో ఏముందో నాకు కనబళ్ళేదు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా అక్కా!"

"అమ్మ పోయిందని ఏడుస్తున్నానని నీకు చెప్పుకోవాలా?"

ఇన్నాళ్ళూ తానే అక్కను క్షమించాలనుకున్న మనిషికి తల ఎత్తే ముఖం లేకపోయింది.

"తప్పయిందక్కా" అన్నాడు.

లవ్‌డే మీగడ ముందు పూసిన ఆ స్కోన్‌ను అలాగే తినేసి, రెండోదానికి చెయ్యి చాపింది.